ఎండ రావడానికి నాలుగు రోజుల ముందు

ఈసాఫ్యోర్దుర్‌లో నవంబరున కొండ దాటిపోయిన ఎండ
జనవరి ఇరవై ఐదున గానీ తిరిగి రాదు,
అదీ మబ్బు లేకపోతే.
నేను ఇరవై ఒకటినే వెళ్లిపోతున్నాను.

మంచం మీద పెట్టె నోరు తెరుచుకుని ఉంది.
కిటికీ అవతల మంచు అడ్డంగా కురుస్తోంది.
పద్నాలుగు నెలలు డొమినికాలో.
వాన, అడవి, అగ్నిపర్వతం
ఒకే గిన్నెలో కుతకుతలాడే చోట
బావి తవ్వాలి. నీళ్ల బావి కాదు, ఆవిరి బావి.
మంచు కింద నిప్పు వెతకడం మా దేశపు విద్య.
వేడి కింద ఇంకో వేడిని వెతకడం
నాకిదే మొదలు.

యూస్టేస్ ఫోనులో చెప్పాడు:
తోలు వస్తువులేవీ తేకు,
మూడో వారానికి పచ్చటి బూజు మొలిచి
చెప్పులు నిన్ను గుర్తుపట్టవు.
ఉప్పుసీసాలో నాలుగు బియ్యపుగింజలు వెయ్యి.
పుస్తకాలు తెస్తే తే,
ఉబ్బిపోయినా నువ్వు ఏడవనివి తే.
గొడుగా? నీ ఇష్టం, అని నవ్వాడు.

అతను మా దగ్గర శిక్షణకొచ్చిన ఏడాది
అక్టోబరులోనే కోటు మీద కోటు తొడిగి
క్యాంటీన్‌లో సూపు గిన్నెను రెండు చేతుల్తో పట్టుకు కూర్చునేవాడు.
తాగేవాడు కాదు. పట్టుకునేవాడు.
అప్పుడు నేను నవ్వాను.
చెల్లుకు చెల్లు.

జనవరిలో ఈ ఊళ్లో నూలుచొక్కా కావాలంటే
బట్టల కొట్టు బిర్నా నిచ్చెన వేసి
అటక మీంచి జూన్ నెలను దింపాలి.
దింపింది. దుమ్ము దులిపింది.
పెళ్లికా అనడిగింది.
ఇంటికొచ్చి అద్దం ముందు వేసుకు చూస్తే
పొట్టిచేతుల్లోంచి నా మోచేతులు
ఎవరివో అరువు తెచ్చినట్టు తెల్లగా బయటికొచ్చాయి.

దోమల మందు, టార్చి, రబ్బరు బూట్లు,
డ్రిల్లింగ్ పటాలు చుట్టిన ప్లాస్టిక్ గొట్టం,
పంటి డాక్టరు రాసిచ్చిన చీటీ,
ఎందుకు తీసుకెళ్తున్నానో నాకే తెలియని
ఒక జత ఉన్ని మేజోళ్లు.

రన్వేగ్ పిన్ని చేపలు తూచే కొక్కెం పట్టుకొచ్చింది.
ఆ ముల్లు కింద ఎన్ని వేల కాడ్ చేపలు ఊగాయో!
పెట్టె ఊగింది.
ఇరవై నాలుగున్నర.
ఒకటిన్నర కిలోలు చేపైతే తల కోసి పారేయొచ్చు.
పెట్టెకు తల ఎక్కడుంటుంది?
నేను స్వెటరు తీశాను. తను మళ్లీ పెట్టింది.
ఒక పుస్తకం తీశాను. ఊరుకుంది.
స్వెటరు తీశాను. పెట్టింది.
"అక్కడ ఆఫీసుల్లో చలి మిషన్లుంటాయట, టీవీలో చూశా."
ఏం చెయ్యను, బూట్లు తీసి కాళ్లకు తొడుక్కున్నాను.

అప్పుడు వంటింట్లోంచి వెన్న వాసన.
సూర్యుడు కొండ మీదికి తొంగిచూసిన రోజున
ఊరంతా పోసుకు తినే పల్చటి అట్లు అవి.
డెబ్బై ఏళ్లలో పిన్ని ఒక్కరోజు ముందు కూడా పొయ్యలేదు.
ఇవాళ పెనం పెట్టింది,
తలుపు దగ్గరగా వేసి, దొంగసరుకు వండుతున్నట్టు.
"బిర్నాతో అనకు," అంది.
పొద్దున్న పదకొండైనా చీకటే.
దీపం కింద చక్కెర చల్లి, చుట్టి, చుట్టి
ఇద్దరం తిన్నాం.
"ఇంకోటి తిను. ఇది నీ బరువులోకి పోతుంది,
పెట్టె బరువులోకి కాదుగా."

నాలుగు రోజులాగితే ఈ వంటింటి కుళాయి మీద
నాలుగంటే నాలుగు నిమిషాలు ఎండ పడుతుంది.
పిన్ని కుర్చీ వేసుక్కూర్చుని చూస్తుంది.
ఆ వేళకి నేనెక్కడో
నీడ కోసం గోడ వెంట నడుస్తుంటాను.

"మరి అక్కడివాళ్లు ఎండొచ్చినరోజు ఏం వండుకుంటారే?"
అక్కడ ఎండ ఎప్పుడూ పోదు పిన్నీ, అన్నాను.
పిన్ని అట్లకాడ పట్టుకుని
కాసేపు అలాగే నిలబడింది.
"అయ్యో పాపం," అంది.