నూట ఇరవై ఎనిమిది

గుజరాతీ గల్లీలో ఖలీల్ కొట్టు మూడు మెట్లు కిందికి.
వానాకాలం నీళ్ళొస్తే స్పీకర్లు స్టూళ్ళెక్కుతాయి,
ఖలీల్ మాత్రం పైకి రాడు, పాంటు మడిచి
సోల్డరింగ్ పొగలో కూర్చుని నవ్వుతుంటాడు.

ఒక సీడీ, ఒక పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళాను.
సీడీలో చిక్కడపల్లి కచేరీ, రెండువేల మూడు, నవంబరు.
పెన్‌డ్రైవ్‌లోనూ అదే,
కంప్యూటర్ కొన్న కొత్తలో నేనే ఎక్కించింది,
నూట ఇరవై ఎనిమిదిలో.
అప్పుడు డిస్కు నలభై జీబీ.
జాగా అంటే కాచిగూడలో అద్దె వాటా,
ఉన్నంతలో సర్దుకోవాలి.

"ఏది ఏదో చెప్పు చూద్దాం" అన్నాడు,
నా కళ్ళకు తన గళ్ళ రుమాలు కట్టి.
చెవులతో వినేదానికి కళ్ళకు గంతలెందుకంటే
"నీ మీద భరోసా లేదు భాయ్."

పదిసార్లు మార్చాడు. తొమ్మిదిసార్లు పట్టాను.
గొంతు రెంటిలోనూ గొంతే.
మృదంగం మీద దెబ్బ రెంటిలోనూ దెబ్బే.
మూడో వరసలో దగ్గింది నేనే, రెంటిలోనూ.
నేను పట్టుకున్నది వెనకాల.
ఆమె ఊపిరి తీసుకునే సందులో
సీడీలో తంబుర ఉంది,
దీపం లేని గదిలో మనిషి ఉన్నట్టు.
ఫైల్లో కూడా ఆ సందులో ఏదో ఉంది,
నానిన అప్పడంలా.

"గట్టి చప్పుడు పక్కన సన్న చప్పుడు
ఎవరికీ వినపడదు కదా,
అందుకే తీసేస్తది. జాగా మిగుల్తది.
దొంగతనం కాదు, హిసాబ్."

హిసాబే.
సీడీ అట్ట తిప్పి చూశాను.
గాత్రం పేరు, వయొలిన్ పేరు, మృదంగం పేరు,
మైకులు పెట్టినాయన పేరు,
ఖర్చులు పెట్టుకున్న కాఫీపొడి కంపెనీ పేరు.
తంబుర పేరు లేదు.
అంటే, కుదింపు అట్ట దగ్గరే మొదలైంది.

ఆ తంబుర మా పెద్దమ్మ, కనకవల్లి.
పంతొమ్మిదేళ్ళు ఆ గొంతు వెనకే కూర్చుంది.
కచేరీ రాత్రుళ్ళు నల్లకుంట ఇంటికొచ్చి
వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునేది,
చూపుడువేలికీ మధ్యవేలికీ, ఆ రెంటికే.

ఖలీల్ సీడీని మళ్ళీ ఎక్కించాడు,
ఈసారి ఏమీ తియ్యకుండా.
ఫైలు అయిదింతలు లావైంది.
మళ్ళీ రుమాలు. పదికి అయిదు.
బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.
"ఒకటే రా సామీ, కసమ్ సే.
సున్నా అక్కడా సున్నా, ఇక్కడా సున్నా."
సీడీలో వెచ్చదనం ఉందని, ఫైళ్ళలో రాదని
ఆఫీసులో ఎందరితో తగువు పడ్డానో!
ఆ వెచ్చదనం మా పాత ప్లేయర్ మూతదేమో.

మూడూ తీసుకుని నల్లకుంట వెళ్ళాను.
పెద్దమ్మ కొప్పు చెదరకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.
ఒకదాని తర్వాత ఒకటి విన్నది.
నేను ఎదురుచూసింది వేరే, ఒప్పుకుంటాను.
ఆ నానిన చోట ఆవిడ మొహం చిన్నబోతుందని,
అట్ట సంగతీ హిసాబ్ సంగతీ చెప్పి
నేను ఓదారుస్తానని.

ఆవిడ వేలు గాల్లో లేచి ఆగింది.
"మూడో తీగ దిగింది రా ఇక్కడ,
వెంట్రుకంత.
ఆవిడకు తెలిసింది, కానీ వెనక్కి తిరగలేదు.
చరణం అయ్యేదాకా దాన్ని తాకకుండా
మిగతా వాటితో నెట్టుకొచ్చాను."

ఎక్కడ, ఎక్కడ అంటూ మళ్ళీ పెట్టాను.
సీడీలో నాకు దొరకలేదు.
లావు ఫైల్లో దొరకలేదు.
ఆవిడ ప్రతిసారీ సరిగ్గా అక్కడే వేలు ఎత్తింది,
నానిన అప్పడంలో కూడా.