ఇందా

ఎతిరాజులు పోయాడని పేపర్లో నాలుగు వరుసలు.
మాజీ శాసనసభ్యుడు, మాజీ సైనికుడు,
కాలేజీ రోజుల్లో పరుగుపందేల వీరుడు.
అన్నీ మాజీలే. చావొక్కటే తాజా.

పట్టాళంలో పుట్టాడు కనక పటాలంలో చేరాడని
మా వీధి ఎకసెక్కం.
అంతకుముందు, రిలేలో మూడోవాడు అతను,
ఆఖరివాణ్ణి నేను.
"వెనక్కి చూడకురా కన్నయ్యా,
చెయ్యి చాచు. ఇందా అంటాను, పట్టుకో."

అరవై నాలుగు, జనవరి.
మెరీనా గాలి మైదానం దాకా వస్తోంది.
ఇందా అన్నాడు.
నేను వెనక్కి చూశాను.
కర్ర సున్నపు గీత మీద
ఎంత దూరం దొర్లిందో ఇప్పటికీ చెప్పగలను.
"తీసుకుని పరిగెత్తు" అన్నాడు.
ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

డెబ్బై ఒకటి. పడమటి సరిహద్దు, చెరుకుతోట, మందుపాతర.
పూనాలో చేసిన కాలుతో సెంట్రల్లో దిగాడు,
పెట్టె కూలీకి ఇవ్వలేదు.
యుద్ధం ఎలా ఉంటుందని అడిగితే
అక్కడి చలి గురించి చెప్పేవాడు,
ఎవరో లాన్స్ నాయక్ అరువిచ్చిన
ఉన్ని మేజోళ్ళ గురించి.
"ఒకటే తిరిగిచ్చాను" అని నవ్వేవాడు.
మేం నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

ఎన్నికలొచ్చాయి.
ఒంటికాలి మీద నిలబడ్డాడు పాపం అని
ఎదుటి పార్టీవాళ్ళు గోడ మీద రాస్తే
చెరపనివ్వలేదు.
మీటింగుల్లో నన్ను పక్కన పెట్టుకుని
"మా జట్టు ఆఖరి రన్నరు" అనేవాడు.
గెలిచామనలేదు, ఓడామనీ అనలేదు.
జనం చప్పట్లు కొడుతుంటే
నేను నా అరచేతులు చూసుకునేవాణ్ణి.

కోటలో అయిదేళ్ళూ అడిగింది ఒకటే,
మురుగుకాలవ.
స్పీకరు గంట కొట్టకముందే కూర్చునేవాడట.
వానొస్తే మా వీధి మోకాటిలోతు.
పంచె ఎగగట్టి ఇంటింటికీ వచ్చేవాడు.
"నాకేంరా, ఒక కాలికే తడి."

రెండోసారి డిపాజిట్ పోయింది.
కాలవ మటుకు వచ్చింది,
అతను దిగిపోయిన మూడేళ్ళకి.
రాతిపలక మీద వేరే పేరు.

నిన్న రాత్రి కుంభవృష్టి.
పొద్దున టీకి బయల్దేరితే
మూతల కింద నీళ్ళు పరిగెడుతున్న చప్పుడు.
మలుపులో మాత్రం ఇంకా కాస్త నిలిచే ఉంది.
దిగాను. రెండు కాళ్ళకీ చల్లగా తగిలింది.

వెనక ఎవరో ఇందా అన్నట్టయింది.
చూడలేదు.
చెయ్యి చాచాను.

ఆటో ఒకటి ఆగింది.