కరెంటు పెట్టమ్మా

ఆయన గదిలోకి రాకముందే
ఎండుమిర్చి ఘాటు వచ్చింది.
నాకు తుమ్ము. బయట చీటీలు రాసే నాగూర్‌బీకి తుమ్ము.
"అలవాటు లేనోళ్లకి అంతేలే" అన్నాడు ఇన్నయ్య
గోడ పట్టుకుని,
కుర్చీని నమ్మాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తూ.

గుంటూరు యార్డులో ఇరవై రెండేళ్లు.
టిక్కీ నలభై ఐదు కిలోలు.
సీజన్లో రోజుకెన్ని అని అడిగితే నవ్వాడు,
ఆ నవ్వు సగంలోనే నడుం దగ్గర పట్టేసింది.

చంకలో సంచి, సంచిలో ఎమ్మారై.
కొత్తపేటలో తీయించాడట, భార్య గొలుసు తాకట్టు పెట్టి.
"డిస్కు ఉబ్బిందంటమ్మా.
మూడు వారాలు కదలకుండా పడుకోవాలంట."
శిక్ష పడ్డవాడి గొంతు.

నేను ఫిల్ము తీసి కిటికీకి పెట్టలేదు.
ముందు అడగాల్సినవి అడిగాను.
ఒంటేలు సాఫీగా వస్తోందా? కూర్చునే చోట తిమ్మిరుందా?
జ్వరం? ఉన్నట్టుండి చిక్కిపోవడం?
బొటనవేలు పైకెత్తు, నా చేతిని నెట్టు.
ఆడపిల్ల అడిగే ప్రశ్నలేనా ఇవి అన్నట్టు
ఫ్యాను వైపు చూస్తూ
లేదమ్మా, అదీ లేదమ్మా, అన్నాడు.
ఒక్కో లేదుని
బస్సులో చిల్లరలా లోపల లెక్కపెట్టుకున్నాను.

"సరే, ఇక కరెంటు పెట్టమ్మా."

మూలన గుడ్డ కప్పుకుని కూర్చుంది మిషను.
ఓనరుగారు దానికింకా వాయిదాలు కడుతున్నారు.
పది సిట్టింగులు, సిట్టింగుకి మూడొందలు,
బోర్డు మీద నా పేరుకంటే పెద్ద అక్షరాలు.
నా డ్రాయర్లో మార్గదర్శకాల కాగితం ఉంది.
అందులో ఈ మిషను గురించి ఒకటే మాట: వద్దు.
అంత చిన్న మాట పైకి అనడానికి
నాకు ఆరేళ్లు పట్టింది.

అన్నాను.
వెన్నుపూస గాజుగ్లాసు కాదు బాబాయ్, వంగితే పగలదు.
నీ ఈడువాళ్లలో నొప్పి లేనోళ్లకి తీసినా
సగంమందికి ఇలాంటి ఉబ్బులే కనపడతాయి,
తల నెరిసినట్టే, లోపల నెరిసిందంతే.
పడుకుంటే ఇంకా బిగుస్తుంది.
నడువు. నొప్పి ఉన్నా సరే, కొంచెం కొంచెం.

నన్నొక చూపు చూశాడు.
డబ్బులిచ్చి పుల్లట్టు అడిగితే
పిండెలా రుబ్బుకోవాలో చెప్పిన హోటలువాణ్ణి చూసినట్టు.

అయినా బల్లెక్కాడు.
మోకాళ్లు అటు వాల్చాడు, ఇటు వాల్చాడు.
లేచి వంగమంటే వేళ్లు మోకాలి చిప్ప దగ్గరే ఆగాయి.
"ఊపిరి బిగబట్టకు బాబాయ్."
"ఇరవై రెండేళ్లూ బిగబట్టే లేపానమ్మా. వదిలితే టిక్కీ జారుద్ది."

ఆ వాక్యం నా కాగితంలో లేదు.
పనికి త్వరగా పంపమంటుంది కాగితం,
ముందు తేలిక పని ఇప్పించమంటుంది.
"యార్డులో తేలిక పనేముంది?" అని తనే అడిగి
తనే జవాబు వెతుక్కున్నాడు:
"తొడాలు తియ్యడం. ఆడోళ్ల పని. సగం కూలి."
సగం కూలికి ఏ వ్యాయామం రాయాలో
నాకెవరూ నేర్పలేదు.
ఊరికే నడుం మీద చెయ్యేసి ఉంచాను,
కండరం రాయిలా ఉంది, రాయి కింద వెచ్చగా.

పది రోజులకి మళ్లీ ఘాటు, మళ్లీ తుమ్ము.
ఈసారి కుర్చీని అడక్కుండానే కూర్చున్నాడు.
నాలుగు రోజులు తొడాలు తీశాడట,
ఆడోళ్లు పేరుకి చివర అమ్మ తగిలించి పిలిచారట.
అయిదో రోజు ముఠాలోకి వెళ్లిపోయాడట.
పొద్దున్నే ఏటుకూరు రోడ్డు దాకా నడుస్తున్నాడట.
నొప్పి?
"ఉంది. పోలా."
కాసేపాగి,
"లేపేటప్పుడు ఊపిరి వదిలా. టిక్కీ జారలా"
అన్నాడు, తప్పు నాదే అన్నట్టు.

లోపల్నుంచి ఓనరుగారి కేక: ఎన్ని సిట్టింగులు రాశావమ్మా?
వినపడనట్టు చీటీలు సర్దింది నాగూర్‌బీ.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో తిరిగాడు.
"అయినా, ఒక్కసారి ఆ కరెంటు పెట్టి చూడొచ్చుగా?"
నడువు బాబాయ్, అన్నాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటూ నిలబడ్డాను.
మొన్న మెట్టుమెట్టుకీ ఆగింది.
ఇవాళ నాలుగోదాని దగ్గర, ఒక్కసారి.