డిప్పు

దుక్మ్ రేవుల చేప పెట్టెలు ఎత్తుకొని
ఐసునీళ్లు కార్చుకుంట హైమా దిక్కు పోతున్న పికప్పుల.
తొవ్వ సుతిలి గుంజి కట్టినట్టుంటది.
వంపు లేని తొవ్వ మీద
ఎదురు బండి పావుగంట ముందుగాల్నే కనపడ్తది,
మొదలు చుక్క లెక్క.
ఒక బీడీ అయిపోయేదాక చుక్కే అనుకుంట.

పాత బండ్ల కాలంల
లైటంటె పసుపు గవ్వ.
ఎదురొచ్చినోడు డిప్పు కొడితె మనమూ కొట్టాలె,
సలాముకు సలామైనట్టు.
ముందట ఒంటెలుంటె రెండుసార్లు,
పోలీసుంటె మూడుసార్లు.
పఠాను గుల్‌జమాన్ నేర్పిన బాస అది,
రాసుడు లేదు, తప్పుల్లేవు.

ఇప్పటియి తెల్లగుంటయి.
సున్నం గాదు, పాలు గాదు,
వెల్డింగు కాడ పుట్టిన తెలుపు.
బండ్లు సుత ఎత్తు పెరిగినై,
వాటి కండ్లు సక్కగ నా కండ్ల కాడికే వస్తయి.
కండ్లు నెత్తికెక్కినై అంటరు మా దిక్కు బలిసినోళ్లను.
గీళ్లవి బానెట్టుకెక్కినై.

ఆ రాత్రి ఎనుకనుంచి ఒకటి.
మూడద్దాలూ ఒక్కసారే అంటుకున్నై.
నా నీడ నా ముందట డాష్‌బోర్డు మీద పడ్డది,
స్టీరింగు మీది చేతులు పీతల్లెక్క.
దించురా అని చెయ్యి బయటపెట్టి ఊపిన.
ముందుకు పొమ్మని ఇండికేటరేసిన.
పోడు.
గోడకు బల్లి లెక్క అతుక్కొని
ఇరవై కిలోమీటర్లు.
నాకొచ్చిన బూతులు అయిపోయినై,
మా అవ్వకొచ్చినయి సుత అయిపోయినై.

పెట్రోలు బంకు కాడ ఆపిన. వాడూ ఆపిండు.
జాకీ రాడ్డు పట్టుకొనే దిగిన, దాచేదేముంది.

దిగింది బలిసినోడు గాదు.
నా అసొంటోడే, అరబ్బు ఇంటి డ్రైవరు,
ఇస్త్రీ అంగి చెమటకు మెడకంటుకొని.
"అన్నా, మనోళ్లేనా" అన్నడు,
నా తిట్లను బట్టి.
మెట్‌పల్లి అవతల వేంపేటంట. పేరు లింబాద్రి.

రాడ్డు దిక్కు చూస్తలేడు.
రాడ్డు కనపడ్తలేదు.
మలబారి పోరడు పోసిన కరక్ చాయ్ అందిస్తె
గాలిని పట్టుకున్నడు.
రెండోసారికి కప్పు దొరికింది.

"రేచీకటి" అన్నడు మెల్లగ,
అప్పు సంగతి చెప్పినట్టు.
పొద్దుంటె సూదిల దారం ఎక్కిస్తడట.
పొద్దుగూకితె తొవ్వ అంచులు పోతయట.
లైటు ఎంత లేపితె గంతే తొవ్వ.
"నీ ఎర్ర లైట్లు దొరికినై, గందుకే వదల్లే అన్నా, మాఫ్ చెయ్యి.
కఫీలుకు తెలిస్తె టికెట్టు చేతిల పెడ్తడు."
ఎనుక సీట్ల కఫీలు తల్లి నిద్రపోతున్నది,
హైమాల బిడ్డ ఇంటికి పోతున్నదట,
ఒళ్లె ఖర్జూరాల డబ్బా.

నడపకు అనాలె.
అన్న సుత.
"మరెవలు నడపాలె" అన్నడు.
నా బండికి నేనొక్కణ్నే, వాని బండికి వాడొక్కడే.
పెట్టెలల్ల ఐసు కరుగుతనే ఉంది.

రాడ్డు సీటు కింద దోపి చెప్పిన:
"లైటు దించు. నా ఎర్ర లైట్లు పట్టుకొని రా."
అరవై దాటలే నేను.
అద్దాలు నల్లబడ్డై,
ఆ నలుపుల కిందికి దించిన రెండు వెలుగులు,
గుడ్డోని చెయ్యి భుజమ్మీద ఉన్నట్టు.
ఎన్నేండ్లకో తొవ్వ పక్క ఇసుక కనపడ్డది నాకు,
చుక్కలు సుత, నిజం చుక్కలు.

హైమా రాంగనే కుడికి మళ్లిండు.
ఒక్కసారి డిప్పు కొట్టిండు. గంతే.

ఎవలికన్న చెప్తె వాని పని పోతది.
చెప్పకుంటె ఎవని పానం పోతదో.
ఇప్పటికీ చెప్పలే.

ఎనుకనుంచి తెల్లగ ఒకడొస్తె
తిడుతనే ఉంట, మారలే నేను.
తిట్టుకుంట తిట్టుకుంటనే
బ్రేకు మీద కాలు జరంత ఒత్తుత,
ఎర్రగ కనపడ్తున్ననో లేదో అని.