సంజాయిషీ

ఏఈ గారూ,
మెమో అందిందండి. జవాబు ఆలస్యమైంది,
కలం పట్టడానికీ వేళ్లే కావాలి కదండి.

జులై పదిహేడు తెల్లారగట్ల
మూడో నంబరు షట్టరు నలభై నిమిషాలు లేటుగా దించినమాట నిజం.
నిద్రపోలేదు.
చక్రం మీద చేతులేశాను,
అవి నావి కాకుండా పోయాయి.

రెండేళ్లయింది. పొద్దున లేచేసరికి
మణికట్లు నానేసిన మినుముల్లా ఉబ్బుతాయి.
జాకెట్టు హుక్కులు కోడలు పెడుతుంది.
ఆదివారం ఆదివారం మింగే పసుప్పచ్చ బిళ్ల
నోరు పూయించింది గాని వేళ్లు విప్పలేదు.

అమలాపురంలో డాక్టరమ్మ నూకరత్నం గారు
చీటీ వెనక బొమ్మ గీశారు.
ఒంట్లో ప్రతి కణానికీ ఓ గుమ్మముందట.
గుమ్మంలో కబురు పడితే, లోపల కైనేజ్ అని ఒకడు
అందుకుని, చేతులు మార్చి, నడిమింటికి చేరేస్తాడట.
"నీకొచ్చేవన్నీ దొంగ కబుర్లు సువార్తమ్మా."

నాకింక బొమ్మ అక్కర్లేకపోయిందండి.
వాడు లస్కరు. నాలాంటోడే.
ధవళేశ్వరం దగ్గర మోకాల్లోతు నీరు లేకపోయినా
రోజూ వరద, వరద అని వైర్‌లెస్సు మోగుతుంటే
పాపం, అన్ని తలుపులూ ఎత్తేస్తాడు.
మునిగేది నా కీళ్లు.

కొత్త బిళ్ల పోయి వాడి కుర్చీలో కూచుంటుందట.
వాడు అక్కడే నిలబడి ఉంటాడు,
కబురు మాత్రం ముందుకి పోదు.

ఊరుకోలేక అడిగానండి:
మరి నిజం వరదొస్తేనో?
ఆవిడ కలానికి మూత పెట్టి
కాసేపు ఫ్యాను వంక చూశారు.
అందుకేనట ముందు ఛాతీ ఎక్సరే,
క్షయ లేదని కాయితం, తడవతడవకీ నెత్తురు పరీక్ష.
జ్వరం తగిలితే బిళ్ల ఆపి పరిగెత్తుకు రమ్మన్నారు.
షట్టరు దించితే మురుగొక్కటే ఆగదు,
శివారు చేలకి నీరూ ఆగుతుంది.
పంతొమ్మిదేళ్లు ఆ తిట్లు తిన్నదాన్ని,
నాకెవరూ చెప్పక్కర్లేదు.

ఇది ఆరో వారం.
నిన్న కోడలు లేవకముందే ఒక హుక్కు పెట్టుకున్నాను, పైది.
చక్రం పదకొండు చుట్లు తిప్పి ఆగాను.
మొత్తం ఇరవై రెండండి.
మిగతావి పాలపర్తి ఏసుదాసు తిప్పాడు.
అదీ రిజిస్టర్లో రాశాను.

బిళ్లల ఖరీదు ఈ కాయితంలో రాయను.
జీతం కోస్తే కోయండి.
నాలుగో నంబరు షట్టరుకి మాత్రం గ్రీజు పెట్టించండి,
అది తెల్లారగట్ల లేవనంటంది.

ఇట్లు
గెడ్డం సువార్తమ్మ,
లస్కరు