నలభయ్యో వరుస

కాజీపేటల రైలు బ్రిడ్జి దిగంగనే
యాకూబ్ పాషా దుకాణం.
బల్ల మీద నా కంప్యూటర్
కడుపు విప్పుకొని బోర్ల పండుకున్నది.

రబ్బరు మీటలు. ఒక దాని మీద
అక్షరం అరిగిపోయి నున్నగ మెరుస్తది.
ఎనభై ఎనిమిదిల కొన్న.
టీవీకి తగిలిచ్చి, టేపు రికార్డరు పెడితే
ఐదు నిమిషాలు అది కీచుమన్నంత సేపు
మా వాడకట్టు కుక్కలు ఊకోలేదు.

దాని మీద నేను రాసింది ఒక్కటే ప్రోగ్రాము:
జంపఖానా అంచు నమూనా.
కొత్తవాడల ఓదెలన్న మగ్గం ముందట కూసుంటే
తెర మీద వరుస ఎనుక వరుస వస్తుండె,
నేను చదువుతుంటి:
ఎరుపు నాలుగు, నలుపు ఒకటి, మళ్ల ఎరుపు.
ఆయన చేతులకు ఎంత జోరో
డబ్బాకు గంతే జోరు.
ఇద్దరికీ తొందర లేదు,
ఉన్నా చేసేదేం లేదు.

యాకూబ్ ఒక చిన్న కార్డు చూపిచ్చిండు.
"ఇది ఎక్కిస్తే ఎనిమిదింతలు ఉరుకుతది అక్కా.
పెట్టె అదే, మీటలు అవే,
గుండె ఒక్కటే కొత్తది."

ఎక్కిచ్చిండు. ఉరికింది.
గంట పట్టే నమూనా
నేను చాయ తాగేలోపు అయిపోయింది.
ఎరుపునాలుగునలుపొకటిమళ్లెరుపు
ఏ చెయ్యి నేస్తది గంత జోరుల?
నా మొకం చూసి
"నెమ్మది చేసే బటన్ సుత ఉంది" అన్నడు,
జర చిన్నబోయి.

హిమజ ల్యాప్‌టాప్ తెరిచింది.
కరీమాబాద్ పిల్ల, నా టేపు అడిగి తీస్కపోయి
వారం రోజులు నిద్రపోలేదట.
"డబ్బా ఎందుకు మేడం, దాని నడక మొత్తం ఇండ్లున్నది.
అడుగు అడుగు లెక్కపెట్టి రాసిన."
నిజమే.
ఒగ్గు కథల మీసాలాయన
కొంగు కప్పుకొని ఎల్లమ్మై పలికితే
ముందు కూసున్న ముసలవ్వ దండం పెడతది చూడు,
గట్ల, ఆ చిన్న కిటికీల
నా పాత తెర లేచి కూసున్నది.
టేపు కీచు సుత. కుక్కలే లేవు.

"వేషం వేషమే," యాకూబ్ గొణిగిండు,
"దీన్ని ముట్టు, ఎచ్చగుంటది."
పిల్ల నవ్వింది:
"మీ కార్డుల మటుకు ఏముందంకుల్?
ఖాళీ చిప్పు. ఏ వేషం రాస్తే గదే కట్టుకుంటది."
యాకూబ్ సోల్డరింగ్ కడ్డీని తడి స్పాంజికి రుద్దిండు.
జుయ్యిమన్నది.
ఆయన జవాబు గంతే.

డబ్బాను చుట్టుకొచ్చిన జంపఖానా
కౌంటరు మీద పరిచి ఉన్నది.
ఊరికెనే చూసిన. నలభయ్యో వరుస,
ఎడమ నుంచి పదకొండో గడి,
నలుపు ఉండాల్సిన తావుల ఎరుపు.
"గిట్లనేనా?" అనడిగిండు ఓదెలన్న ఆనాడు.
తెర మీద గిట్లనే ఉందన్న.
నేసిండు.
ఆ ఏడు నేసిన నలభై ఆరింటిల అదే చుక్క.
ఎనుమాముల మిర్చి సేటు ఒకాయన
దిష్టి చుక్కనుకొని రెండు ఎక్కువ కొన్నడు.

ల్యాప్‌టాప్‌ల చూసిన. నలుపు.
కార్డు ఎక్కిన డబ్బాల చూసిన. నలుపు.

యాకూబ్ గల్ల తెరిచి
పదహారు కాళ్ల నల్ల పురుగును
నా అరచేతిల పెట్టిండు.
"మెమొరీ చిప్పు. ఎప్పుడో చెడింది.
ఎట్లనో విప్పిన గదా అని మార్చిన,
దీనికి పైసలొద్దు."

"ఆ తప్పు ఏ గడిలనో చెప్పుర్రి మేడం,
ఒక్క లైను రాస్తే వస్తది" అన్నది హిమజ.
వస్తదేమో. వేషానికి పుట్టుమచ్చ సుత దిద్దుతరు.
ఇద్దరూ నా దిక్కే చూస్తున్నరు,
చెడ్డ చిప్పు నా చేతిల చల్లగున్నది.
ఓదెలన్న పోయి తొమ్మిదేండ్లు.

బ్రిడ్జి అవతల బొగ్గు గూడ్సు పోతున్నది,
మరల డబ్బీలు గలగలమన్నయ్.
పిల్ల జంపఖానా మీదికి వంగి
వేలుతోని గడులు ఎంచవట్టింది, తప్పవట్టింది.
ఆగు బిడ్డా, అన్న.
చదువుడు మొదలువెట్టిన,
మగ్గం ముందట మనిషి ఉన్నట్టే, ఆ జోరుల:
ఎరుపు నాలుగు.
నలుపు ఒకటి.