పంటు మీద ఏ వైపు

పదో నంబరు మంచం ఇవాళ ఖాళీ అవుతుంది.
బేబీసరోజినిగారూ, లేచి కూర్చోండి,
కాగితం చదువుతాను.
మీ ఆయన కింద బిల్లు కౌంటరు దగ్గరున్నాడు,
కార్డు జిరాక్సు మళ్ళీ అడిగారట.

ఈ గొట్టం చివర సీసా.
మొదటిరోజు కుంకుమ నీళ్ళు,
నిన్న తాటిబెల్లం పానకం,
ఇవాళ చూడండి, గంజి తేటకి దగ్గరపడింది.
రోజూ ఒకే వేళకి కొలిచి రాయాలి,
మీ పాప పాత లెక్కల పుస్తకం చాలు.
రెండురోజులు వరసగా ముప్పై మిల్లీల లోపుంటే
ఫోన్ చెయ్యండి, తీసేస్తారు.
సిగ్గుపడి జాకెట్టులో నొక్కి పెట్టకండి,
నడుముకి గుడ్డసంచీ కట్టి వేలాడనివ్వండి.

ఎడమ చేతికి బీపీ పట్టీ వద్దు, సూది వద్దు.
ఊళ్ళో ఆర్‌ఎంపీ ఎంత చుట్టమైనా సరే
ఆ చెయ్యి పట్టుకుంటే, ఇది కాదని
రెండోది చాపండి.
రొయ్యల షెడ్డుకి డాక్టరుగారు పొమ్మనేదాకా పోవద్దు.
పోయినా గ్లౌజు లేకుండా తల తుంచొద్దు.
ఆ కొమ్ము గీరితే మీకు లెక్కుండదు, నాకు తెలుసు,
కానీ వరదరోజుల్లో ఏటిగట్టుకి
ఎలకబొక్క చాలదూ?
చెయ్యి కూడా అంతే, భుజందాకా పొంగుతుంది.

గోడ దగ్గరికి రండి.
వేళ్ళు పాకించండి, పీత నడిచినట్టు, మెల్లిగా.
ఇది మొన్నటి గీత, ఇది నిన్నటిది.
అంత పైనున్నది దైవకృపది,
ఆవిడ మనిషే పొడుగు, పోల్చుకోకండి.
మీ గీత ఖైరున్నీసా గీతని దాటింది,
ఆవిడకి చెప్పకండి, పక్క మంచమే.

పదకొండేళ్ళుగా ఇదే పాఠం.
ఏ మాట దగ్గర కళ్ళు దించేస్తారో
నోటికొచ్చేసింది నాకు.
స్నానం దగ్గర, అద్దం దగ్గర.
అక్కడ నేను గొంతు తగ్గించను.
"ఒకసారి నేనుండగా చూసుకుంటారా?" అంటే
"రేపండి" అంది నిన్న.
ఇవాళే ఆ రేపు.
తలుపు గడియ పెట్టాను.
చూసుకుంది, ఎంతోసేపేం కాదు.
"కుట్టు తిన్నగా వేశారు" అంది,
కుట్టుమిషను మీంచి తీసిన జాకెట్టుని
వెలుగులో పట్టి చూసే గొంతుతో.
తర్వాత మంచినీళ్ళడిగింది.

ఆ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండా,
"సిస్టరుగారండీ, ఒకటడగనా?"
నొప్పి అనుకున్నాను.
మొగుడనుకున్నాను.
మళ్ళీ వస్తుందా అనుకున్నాను, అందరూ అడిగేది అదే.

"పంటు మీద ఏ వైపు నించోవాలండి?"

నరసాపురం రేవులో బస్సు దిగి
వశిష్ఠ దాటితేగానీ వాళ్ళిల్లు లేదు.
మోటారు సైకిళ్ళు, పాలక్యాన్లు, మేకలు,
అవతలి ఒడ్డు తగలకముందే తోసుకునే జనం.
"మోచేత్తో ఎవరైనా పొడిస్తే
ఈ కుట్లు ఊడొచ్చేస్తాయేమోనని, ఆయ్."

కాగితం తిప్పి చూశాను.
వెనక అంతా తెలుపే.
డాక్టరుగారినడుగుదామంటే ఆయనది వరంగల్లు,
పంటు ఎక్కిన మొహం కాదు.
"ఎడంచెయ్యి సంచీ మీద పెట్టుకుని
మీ ఆయన్ని ఆ పక్కన నించోమనండి" అన్నాను.
తలూపింది. నమ్మినట్టు కాదు,
నన్ను ఇబ్బంది పెట్టడమెందుకన్నట్టు.

ఆదివారం నాకు సెలవు.
భీమవరంలో ఏడున్నర బస్సెక్కి
రేవుకెళ్ళి టిక్కెట్టు తీసుకున్నాను.
ఎడమ చంకలో చేతిరుమాలు చుట్టి పెట్టుకున్నాను,
అది జారకూడదని నా పందెం.

కటకటాల పక్కన నించుంటే
గాలి బాగుంది, కానీ మోటారు సైకిళ్ళ అద్దాలు
సరిగ్గా అక్కడికే వస్తాయి.
మధ్యలో నించుంటే పట్టుకోవడానికేం లేదు.
ఇంజను గదికి ఎడంవైపు ఆనుకుంటే
గోడ వేడిగా, కాస్త దడదడలాడుతూ ఉంది,
అయినా ఆ పక్కకెవరూ రారు.
అవతల దిగేటప్పుడు ఎవరిదో బుట్ట తగిలి
చేతిరుమాలు జారి నీళ్ళలో పడింది.
ఓడిపోయాను.
తిరుగు పంటులో జనమంతా దిగేదాకా కదల్లేదు.
సరంగు రెండుసార్లు చూశాడు,
ఏమ్మా దిగవా అని.

సోమవారం కాగితంలో, సీసా కొలతకింద,
చేతిరాతతో ఇంకో వరస చేర్చాను:
పంటు ఎక్కేవాళ్ళు ఇంజను గదికి ఎడంచెయ్యి ఆనించండి.
కుడివైపు ఆపరేషనయితే అటుపక్క.
అందరూ దిగాక దిగండి,
సరంగు అరిచినా సరే.